ఇచ్చామన్న జాగా

ఆఫీసుల్లో సర్వర్ కావాలని అర్జీ పెట్టేవాళ్ళను చాలాకాలంగా చూస్తున్నాను. తనకు ఎంత జాగా కావాలో కచ్చితంగా తెలిసినవాడు నాకింకా తారసపడలేదు. తెలియకపోవడం నేరమేమీ కాదు. ఆ అప్లికేషన్‌ను రేపు ఎంతమంది వాడతారో, అది ఎన్ని లాగులు రాస్తుందో, ఏడాది తిరిగేసరికి డేటా ఎంత పోగుపడుతుందో ముందే చెప్పమంటే ఎవరు మాత్రం చెప్పగలరు? అందుకని అందరూ ఒకే పని చేస్తారు. మనసులో అనుకున్నదాన్ని రెట్టింపు చేసి, దాని మీద కాస్త కలిపి, గుండ్రంగా ఉండే అంకె ఒకటి ఫారంలో రాస్తారు. 500 జీబీ. లేదా 1 టీబీ. ‘430 జీబీ చాలు’ అని రాసినవాడు ఎక్కడైనా ఉంటే వెళ్ళి శాలువా కప్పి వస్తాను.

దీన్ని అత్యాశ అనలేం. భయం. ఒకసారి తీసుకున్నాక మళ్ళీ అడగాలంటే కొత్త టికెట్ పెట్టాలి, మేనేజర్ చేత అవుననిపించాలి, ‘మొన్ననే కదా ఇచ్చాం’ అనే మాట పడాలి. రెండోసారి అడగడం అంత కష్టం కాబట్టి మొదటిసారే గట్టిగా అడుగుతారు. ఈ బుద్ధి పుట్టించింది ఆఫీసు పద్ధతే.

అడిగిన ప్రతివాడికీ అడిగినంతా నిజంగా కొలిచి ఇచ్చేస్తే ఏమవుతుంది? 10 టీబీల స్టోరేజ్ ఉందనుకుందాం. దాని మీద 20 వర్చువల్ మెషిన్లు (ఒకే అసలు సర్వర్‌ను పంచుకుని నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు), ఒక్కోదానికి 500 జీబీ. లెక్క సరిపోయింది, జాగా అయిపోయింది. 21వ మెషిన్ అడగడానికి వచ్చినవాణ్ణి కొత్త డిస్కులు వచ్చేదాకా ఆగమనాలి. తీరా ఆ 20 మెషిన్ల లోపలికి తొంగి చూస్తే మూడో వంతు కూడా నిండి ఉండదు. మిగతాదంతా ఎవరి పేరునో రాసిపెట్టి, ఎవరికీ పనికిరాకుండా, కరెంటు తింటూ తిరుగుతున్న డిస్కులు. లక్షలు పోసి కొన్న ఖాళీ అది.

ఈ ఖాళీని చూసి ఓర్వలేక పుట్టిన ఉపాయమే థిన్ ప్రొవిజనింగ్. 500 జీబీ ఇచ్చామని మెషిన్‌కు చెబుతాం, ఇవ్వం. అది ఎంత రాస్తే అంతే, రాసినప్పుడే, అసలు స్టోరేజ్‌లోంచి తీసి ఇస్తాం. వర్చువల్ మెషిన్ తన డిస్క్ అనుకునేది నిజానికి హోస్ట్ మీద, అంటే దాన్ని మోస్తున్న అసలు సర్వర్ మీద, ఉన్న ఒక ఫైలు. మొత్తం ముందే ఇచ్చేసే థిక్ పద్ధతిలో అయితే ఆ ఫైలు పుట్టినరోజే 500 జీబీల పొడవుంటుంది. థిన్ అయితే దాదాపు ఏమీ లేకుండా పుట్టి పెరుగుతుంది. వర్చువల్ మెషిన్ల సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్ వాళ్ళ ఫైల్ సిస్టమ్‌లో అలా పెరిగేది 1 ఎంబీ ముక్కల చొప్పున. లోపలున్న విండోస్‌కు గానీ లైనక్స్‌కు గానీ ఈ సంగతి పట్టదు. దాని దృష్టిలో 500 జీబీలూ తనవే.

ఇది కొత్త తెలివేమీ కాదు. యూనిక్స్‌లో మధ్యమధ్య కన్నాలున్న ఫైళ్ళు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫైలు ఎంత పెద్దదని ‘ఎల్ఎస్’ కమాండ్‌ను అడిగితే 100 జీబీ అంటుంది, డిస్క్ మీద ఎంత తిన్నదని ‘డీయూ’ను అడిగితే 3 జీబీ అంటుంది. రెండూ నిజమే. ఒకటి ఇచ్చిన మాట, ఇంకొకటి తీర్చిన మాట. స్టోరేజ్ మార్కెట్‌లో ఈ ఆలోచనకు గట్టి పేరు తెచ్చింది 1999లో కాలిఫోర్నియాలో మొదలైన త్రీపార్ అనే కంపెనీ. దాని విలువ ఎంతనుకున్నారో చెప్పడానికి ఒక్క ముచ్చట చాలు. 2010 ఆగస్టులో ఆ కంపెనీని కొంటానంటూ డెల్ షేరుకు 18 డాలర్లు చెప్పింది. వారం తిరిగేసరికి హెచ్‌పీ పోటీకి దిగింది. మూడు వారాల్లోపే పాట 33 డాలర్ల దాకా పెరిగి, సుమారు 235 కోట్ల డాలర్లకు హెచ్‌పీ ఎగరేసుకుపోయింది. లేని జాగాను ఉన్నట్టు చూపించే విద్యకు అంత గిరాకీ. అప్పటికే వీఎంవేర్ కూడా 2009 నాటి తన నాలుగో వెర్షన్‌తో సామాన్య అడ్మిన్‌కు సైతం థిన్ డిస్క్‌ను ఒక్క క్లిక్కు దూరంలో పెట్టింది. ఆ తర్వాత లైనక్స్ కెర్నల్‌లోకీ వచ్చేసింది. ఇప్పుడు చిన్న ఆఫీసులో వీఎంవేర్ లాంటిదే అయిన ప్రాక్స్‌మాక్స్ వేసుకున్న కుర్రాడు కూడా, తనకు తెలిసినా తెలియకపోయినా, థిన్ పూల్ (మెషిన్లన్నీ పంచుకునే జాగా) మీదే కూర్చుని ఉంటాడు.

లేనిది ఉందని చెప్పడం మోసం కాదా అని మొదటిసారి విన్నవాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళకు నేను పెళ్ళి శుభలేఖ చూపిస్తాను. సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని వెయ్యి ఇళ్ళకు పంచుతాం. ఆ పిలుపును అక్షరాలా పట్టుకుంటే ఇంటికి నలుగురు చొప్పున నాలుగు వేల విస్తళ్ళు లేవాలి. ఏ వంటమేస్త్రీ నాలుగు వేలమందికి గాడిపొయ్యి తవ్వించడు. శుభలేఖలు ఎన్ని పంచారు, ముహూర్తం పగలా రాత్రా, అదే రోజు చుట్టుపక్కల ఇంకెన్ని పెళ్ళిళ్ళున్నాయి, పెళ్ళికొడుకు వైపువాళ్ళు ఏ ఊరినుంచి రావాలి అని ఆరా తీసి, పన్నెండొందలకు బియ్యం పొయ్యమంటాడు. పిలిచినవాళ్ళూ మోసగాళ్ళు కారు, వండినవాడూ కాడు. వచ్చినవాడికి విస్తరి ముందు అన్నం ఉన్నంతసేపూ ఆ పిలుపు నిజమే.

మేస్త్రి లెక్క నిలబడేది ఒక్క నమ్మకం మీద. ఒక ఇంటివాళ్ళు రావడానికీ ఇంకో ఇంటివాళ్ళు రావడానికీ సంబంధం లేదన్న నమ్మకం అది. ఎవరికి వాళ్ళకు వేరే పనులుంటాయి, కొందరు మొదటి బంతికి వస్తారు, కొందరు రాత్రి రిసెప్షన్‌కు వచ్చి కవరు ఇచ్చి పోతారు. ఆ సంబంధం లేకపోవడమే ఆయన పెట్టుబడి. మా సర్వర్ రూమ్‌లో లేనిది సరిగ్గా అదే. మెషిన్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా బతకవు. నెలాఖరు అన్నిటికీ ఒకే రోజు వస్తుంది. విండోస్ అప్‌డేట్లు అన్నిటికీ ఒకే రాత్రి దిగుతాయి. యాంటీవైరస్ అన్నిటిలోనూ ఒకే గంటకు లేస్తుంది. ఆడిటర్ వచ్చి ‘ఇకనుంచి లాగులన్నీ ఏడాదిపాటు ఉంచండి’ అని ఒక వాక్యం రాసిపోతే ఆ వాక్యం అన్ని మెషిన్లలోనూ ఒకేసారి అమలవుతుంది. అంతా ఒకే బంతిలో కూర్చుంటారు. 10 టీబీలు పెట్టుకుని 25 టీబీలకు మాట ఇచ్చినవాడు భయపడాల్సింది రెండున్నర రెట్లు అన్న అంకెకు కాదు. ఆ మాట తీసుకున్నవాళ్ళలో ఎంతమంది ఒకేసారి చెయ్యి చాపుతారన్నదానికి. ఈ రెండో లెక్క ఏ డాష్‌బోర్డులోనూ కనబడదు.

కొన్నిసార్లు బంతి నిండడానికి ఒక్కడు చాలు. విండోస్‌లో డిస్క్‌ను ఫార్మాట్ చేసేటప్పుడు ‘క్విక్’ అన్నచోట టిక్ తీసేస్తే, విస్టా కాలం నుంచీ అది డిస్క్ మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాసుకుంటూ పోతుంది. మామూలు కంప్యూటర్‌లో అది జాగ్రత్త. థిన్ డిస్క్‌లో అది రాత. 2 టీబీల డిస్క్ ఇచ్చామని చెప్పి ఉంటే, ఆ సున్నాల కోసం 2 టీబీలూ నిజంగా తీసి ఇవ్వాల్సిందే. బిట్‌లాకర్‌తో డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చెయ్యమన్నా ఇదే గతి పట్టొచ్చు, ఖాళీని కూడా తాళం వేసి దాస్తుంది. పాత అలవాటుకొద్దీ డీఫ్రాగ్ నడిపినా సరే, లోపల ఫైళ్ళు అటూ ఇటూ సర్దుకునే క్రమంలో ఇంతకుముందు తాకని చోట్లన్నీ తాకి వస్తాయి. ఇవి చేసేవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. అందరూ ఏదో పుస్తకంలో ‘మంచి అలవాటు’ అని చదివినదే చేస్తున్నారు.

హైదరాబాద్‌లో ఒక కంపెనీకి సర్వర్లు చూసుకునే రోజుల్లో ఒక నెలాఖరు రాత్రి ఇదే జరిగింది. రిపోర్టుల టీమ్‌లో ఎవరో తమకు కొత్తగా కేటాయించిన పెద్ద డిస్క్‌ను శ్రద్ధగా, క్విక్ కాకుండా, పూర్తిగా ఫార్మాట్ చేశారు. మెషిన్ల ఫైళ్ళన్నీ ఉండే డేటాస్టోర్ నిండింది. ఆగిపోయింది మాత్రం వాళ్ళ మెషిన్ కాదు, బిల్లింగ్ డేటాబేస్. దాన్ని చూసుకునే డీబీఏ కుర్రాడు ఫోన్ చేశాడు.

‘అన్నా, నా డిస్క్‌లో ఇంకా 200 జీబీ ఖాళీ ఉంది. మరి ఎందుకు ఆగింది?’

‘ఉందని నీకు చెప్పాం తమ్ముడూ. లేదు.’

‘నిన్నటిదాకా ఉంది కదన్నా!’

‘నిన్న కూడా లేదు. నిన్న నువ్వు అడగలేదు.’

ఫోన్‌లో కాసేపు మాట లేదు. అతను తిట్టుకుంటున్నాడని అర్థమైంది. తిట్టుకోవడంలో న్యాయం ఉంది. ఆ రాత్రి నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఈ న్యాయం సంగతే. డేటాస్టోర్ నిండినప్పుడు వీఎంవేర్ అన్ని మెషిన్లనూ ఆపదు. కొత్తగా ఒక ముక్క జాగా అవసరమైన మెషిన్‌నే ఆపి, తెరమీద ఒక ప్రశ్న వేస్తుంది: జాగా చేసి మళ్ళీ ప్రయత్నించమంటారా, లేక దీన్ని చంపెయ్యమంటారా? అంటే ఇప్పటికే కడుపునిండా తీసుకున్నవాడు హాయిగా నడుస్తుంటాడు. వాడు రాసేది తన పాత జాగాలోనే కాబట్టి. ఏళ్ళ తరబడి పొదుపుగా వాడుకుని, ఇవ్వాళ ఒక్క ఎంబీ కోసం చెయ్యి చాపినవాడు ఆగిపోతాడు. మొదటిరోజే థిక్ అడిగి అంతా కట్టించుకున్నవాడికైతే ఈ గొడవే వినబడదు. పొదుపు చేసినవాడికి శిక్ష వేసే ఏర్పాటు ఇది. దీన్ని తయారుచేసినవాళ్ళకు ఆ ఉద్దేశం లేదని తెలుసు. ఫలితం మాత్రం అదే.

ఇలా ఆగిపోవడం కూడా ఒక రకంగా మర్యాదే. హైపర్‌-వీలోనూ, లైనక్స్ కేవీఎంలో సరిగ్గా అమర్చుకుంటేనూ ఇంతే, జాగా లేనప్పుడు మెషిన్‌ను గాల్లో నిలబెట్టి ఉంచుతాయి. జాగా దొరికితే ఎక్కడ ఆగిందో అక్కడినుంచే కదులుతుంది. లైనక్స్ థిన్ పూల్‌కు ఇంత ఓపిక లేదు. నిండాక మామూలుగా ఒక నిమిషం చూసి, ఆ తర్వాత రాతలన్నిటికీ ఎర్రర్ చెప్పడం మొదలుపెడుతుంది. అప్పుడు లోపలున్న ఫైల్ సిస్టమ్ డిస్కే పాడైందనుకుని బెదిరిపోయి, ఇక చదవడమే గానీ రాయడం లేదని మొండికేస్తుంది. దానికన్నా ఘోరం ఇంకోటుంది. ఏ ముక్క ఎవరిదో రాసుకునే చిట్టాకు ఆ పూల్‌లో వేరే జాగా ఉంటుంది. డేటాకు బోలెడంత ఖాళీ ఉండి కూడా ఆ చిట్టా నిండితే, తేరుకోవడం డేటా నిండినప్పటికంటే కష్టం. అంత పెద్ద ఇల్లూ ఆ చిన్న పుస్తకం మీద నిలబడి ఉందని చాలామందికి ఆ రోజే తెలుస్తుంది.

బిల్లింగ్ రాత్రి మేం బయటపడింది స్వాప్ ఫైళ్ళ వల్ల. వీఎంవేర్‌లో ఏ మెషిన్‌ను ఆన్ చేసినా దానికి ఎంత ర్యామ్ ఇచ్చామో అంత సైజు స్వాప్ ఫైలు డిస్క్ మీద పుడుతుంది. ర్యామ్‌ను రిజర్వ్ చేసి ఉంచితే ఆ మేరకు తగ్గుతుంది. మెషిన్ ఆపితే ఆ ఫైలు పోతుంది. 64 జీబీల ర్యామ్ ఉన్న టెస్ట్ మెషిన్ ఆపితే చేతిలో 64 జీబీ పడుతుంది. టెస్ట్ మెషిన్లు రెండు మూడు ఆపి, బిల్లింగ్‌కు ‘మళ్ళీ ప్రయత్నించు’ నొక్కితే లేచి నడిచింది. ఇందులోనే ఒక ఉచ్చు కూడా ఉంది. డేటాస్టోర్ నిండినప్పుడు కంగారుపడి అసలు మెషిన్‌నే ఆపేస్తే, మళ్ళీ ఆన్ చెయ్యడానికి దాని స్వాప్ ఫైలుకే జాగా ఉండకపోవచ్చు. అందుకని కొందరు పాతకాపులు డేటాస్టోర్‌లో 100, 200 జీబీల ఉత్త ఫైలు ఒకటి పెట్టుకుంటారు. దాంట్లో ఏమీ ఉండదు. నిండిన రోజున అది చెరిపేసి ఊపిరి పీల్చుకోవడానికి. మేనేజ్‌మెంట్‌కు చెప్పకపోవడమే మంచిది, చెబితే అదీ ఎవరికో ఇచ్చేయమంటారు.

తీసుకోవడం గురించే ఇంతసేపూ చెప్పాను. నా మట్టుకు అసలు కథ తిరిగివ్వడంలో ఉంది.

వర్చువల్ మెషిన్ లోపల మీరు 100 జీబీల పాత బ్యాకప్ చెరిపేశారనుకోండి. లోపల ఖాళీ కనిపిస్తుంది. బయట డేటాస్టోర్‌లో ఒక్క ఎంబీ కూడా తగ్గదు. ఎందుకంటే ఫైల్ సిస్టమ్ చెరిపేటప్పుడు నిజంగా ఏదీ చెరపదు, ‘ఈ ముక్కలు ఇక నాకు అక్కర్లేదు’ అని తన పుస్తకంలో రాసుకుంటుంది, అంతే. ఆ పుస్తకం దానిది. హోస్ట్ దాన్ని చదవదు. రాసిన ప్రతి ముక్కా బయటికి తెలుస్తుంది, వదిలేసిన ముక్క మాత్రం తెలియదు. తీసుకోవడానికి నోరు విప్పక్కర్లేదు, రాస్తే చాలు. తిరిగివ్వడానికి మాత్రం ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఆ మాట చెప్పే పద్ధతి కనిపెట్టడానికి, చెబితే వినేలా చెయ్యడానికి ఈ పరిశ్రమకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ మాట పేరు అన్‌మ్యాప్. ఫలానా ముక్కలు నాకొద్దు, తీసేసుకోండి అని స్టోరేజ్‌కు చెప్పే ఆదేశం. 2011లో వీఎంవేర్ తన ఐదో వెర్షన్‌లో దీన్ని పెట్టింది, డేటాస్టోర్ మీద ఫైలు చెరిగిన వెంటనే స్టోరేజ్‌కు కబురు వెళ్ళేలా. కొద్ది నెలల్లోనే గోల. చాలా స్టోరేజ్‌లు ఈ కబుర్లు తట్టుకోలేకపోయాయి. ఒక పెద్ద ఫైలు చెరిపితే మిగతా పనులన్నీ నత్తనడక పట్టాయి. దాన్ని ఆపెయ్యమని వీఎంవేరే చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏళ్ళపాటు ఇది అడ్మిన్లు పనిగట్టుకుని, ఆఫీసులో జనం లేని వేళ చూసి, చేత్తో నడిపే కమాండ్‌గా మిగిలింది. 2016లో వచ్చిన 6.5 వెర్షన్‌లో కొత్త ఫైల్ సిస్టమ్‌తోపాటు మళ్ళీ తనంతట తాను జరగడం మొదలైంది, అదీ వెనకాల, తీరుబాటుగా, ఎవరికీ అడ్డం రాకుండా. తీసుకోవడం క్షణాల్లో, ఇవ్వడం తీరిక దొరికినప్పుడు. ఇంజినీర్లు మానవ స్వభావాన్ని చూసి రాశారో, తెలియకుండానే అది దిగిపోయిందో.

స్టోరేజ్ దాకా ఈ మాట చేరాలంటే మధ్యలో ఎన్ని గుమ్మాలున్నాయో చూడండి. లోపలి ఫైల్ సిస్టమ్ చెప్పాలి. విండోస్ సర్వర్ 2012 నుంచి దానంతటదే చెబుతుంది. లైనక్స్‌లో వారానికోసారి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిచేలా పెట్టుకుంటారు, చాలా డిస్ట్రిబ్యూషన్లలో అది ముందే పెట్టి ఉంటుంది. ఆ మాటను వర్చువల్ డిస్క్ విని, తన ఫైలు కుదించుకోవాలి. ఆ కుదింపును హోస్ట్ కింద ఉన్న స్టోరేజ్‌కు చెప్పాలి. ఏ ఒక్క గుమ్మం దగ్గర తలుపు మూసి ఉన్నా మాట అక్కడే ఆగిపోతుంది. పైవాళ్ళు ఇచ్చేశామనుకుంటారు, కిందివాళ్ళకు ముట్టదు.

అన్‌మ్యాప్ లేని కాలపు పద్ధతి ఇంకా విడ్డూరం. లోపలి ఖాళీని తిరిగివ్వాలంటే, ముందు ఆ ఖాళీనంతా సున్నాలతో నింపాలి. విండోస్‌లో దీనికి ఎస్‌డిలీట్ అనే చిన్న పరికరం ఉంది. అలా నింపాక మెషిన్‌ను ఆపి, సున్నాలున్న ముక్కలన్నిటినీ డిస్క్ ఫైల్లోంచి తీసెయ్యమని ఇంకో కమాండ్ ఇవ్వాలి. జాగా చాలక ఈ పనికి దిగినవాడు మొదట చేసేది ఆ థిన్ డిస్క్‌ను నిండా ఉబ్బించడం. నిండడానికి అంచున ఉన్న డేటాస్టోర్ మీద ఈ పని చేస్తే ఖాళీ అయ్యేలోపే నిండుతుంది.

ఇక స్నాప్‌షాట్లు. అప్‌డేట్ వేసే ముందు ‘ఎందుకైనా మంచిది’ అని ఒకటి తీసుకుంటారు. అప్పటినుంచి మెషిన్ రాసే ప్రతి మార్పూ పక్కనున్న వేరే ఫైల్లోకి వెళ్తుంది. ఆ ఫైలు పెరిగి పెరిగి అసలు డిస్క్ అంత కాగలదు. ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ సలహా. తీసినవాడు సెలవు మీద వెళ్తాడు, ఉద్యోగమే మారతాడు, అది మాత్రం ఉంటుంది. థిక్ డిస్క్ ఇచ్చాం కదా, ఇక పెరగదు అనుకున్నవాణ్ణి కూడా వెనకనుంచి వచ్చి కొట్టేది ఇదే. ఎన్ని డేటాస్టోర్లు నిండాయో చూస్తే, థిన్ డిస్కుల కంటే మరిచిపోయిన స్నాప్‌షాట్ల పాపమే ఎక్కువని నా అంచనా.

అలర్టుల సంగతి చెప్పాలి. వీఎంవేర్ మెషిన్లన్నిటినీ ఒకచోట చూసుకునే వీసెంటర్‌లో డేటాస్టోర్ 75 శాతం నిండితే పసుపు, 85 నిండితే ఎరుపు వచ్చేలా ముందే పెట్టి ఉంటుంది. లైనక్స్ థిన్ పూల్ తనంతట తాను పెరిగే ఏర్పాటుకు మాత్రం హద్దు 100గా పెట్టి ఉంటుంది, అంటే ఎప్పటికీ పెరగదని. రెంటినీ అలాగే వదిలేసినవాళ్ళే ఎక్కువ. శాతం మీద నాకు నమ్మకం లేదు. 20 టీబీల పూల్‌లో 80 శాతం నిండిందంటే 4 టీబీలున్నాయి. రోజుకు 50 జీబీ పెరుగుతుంటే 80 రోజులు. వినడానికి బాగుంది. ఈలోగా ఎవరో పాత డేటాబేస్‌ను ఒక రాత్రి 2 టీబీల మేర రీస్టోర్ చేశారు. 40 రోజులు మిగిలాయి. కొత్త డిస్కులకు కొటేషన్ తెప్పించి, మూడు సంతకాలు చేయించి, ఆర్డరు పెట్టి, సరుకు దిగి, ఎక్కించేసరికి మీ ఆఫీసులో ఎన్ని వారాలు పడుతుంది? ఎరుపు వెలగాల్సింది ఆ వారాలను బట్టి. 85 అన్న అంకె పెట్టినవాడికి మీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్ సంగతేం తెలుసు?

ఒకదాని కింద ఒకటి రెండు చోట్లా థిన్ పెట్టేవాళ్ళు మరీ ధైర్యవంతులు. స్టోరేజ్ పెట్టె హోస్ట్‌కు లేని జాగా చూపిస్తుంది, హోస్ట్ మెషిన్లకు దానికంటే ఎక్కువ చూపిస్తుంది. వీసెంటర్‌లో చూస్తే 4 టీబీ ఖాళీ, స్టోరేజ్ టీమ్ తెరమీద చూస్తే 300 జీబీ. ఈ రెండు తెరలూ చూసే మనుషులు వేర్వేరు అంతస్తుల్లో కూర్చుని, కలిసినప్పుడు క్రికెట్ మాట్లాడుకుంటారు. సాంకేతికంగా ఇందులో తప్పేమీ లేదు, నడుస్తుంది. నేనైతే ఒక్కచోటే పెడతాను. ఇచ్చిన మాటల పుస్తకం ఒకటే ఉండాలి, దానికి ఒక మనిషి ఉండాలి.

వేగం తగ్గుతుందేమోనన్న బెంగ కొందరికి ఉంటుంది. మొదటిసారి రాసేటప్పుడు కొత్త ముక్క వెతికి ఇవ్వడానికి కాస్త పడుతుంది, ఆ తర్వాత తేడా పట్టుకోవడం కష్టం. ఆగకూడని డేటాబేస్ ఒకటో రెండో ఉంటే వాటికి థిక్ ఇచ్చెయ్యండి, అదీ వేగం కోసం కాదు. ఊరంతా ఆకలితో ఉన్నా వాటి కంచంలో అన్నం ఉండటానికి.

అన్నిటికంటే చిక్కైన సంగతి, ఇచ్చిన మాటను తగ్గించుకునే దారి లేకపోవడం. వీఎంవేర్‌లో వర్చువల్ డిస్క్‌ను మెషిన్ నడుస్తుండగానే పెంచొచ్చు. తగ్గించలేం. చిన్న డిస్క్ కొత్తది చేసి, డేటా అందులోకి మార్చి, పాతది పారెయ్యాలి. ఆ పని ఎవరు చేస్తారు? అమెజాన్ క్లౌడ్‌లో ఈబీఎస్ వాల్యూమ్ కూడా పెరుగుతుందే గానీ తరగదు. కానీ అక్కడ ఒక తేడా ఉంది. వాడిన జాగాకు కాదు, అడిగిన జాగాకు బిల్లు వేస్తారు. 1 టీబీ అడిగి 50 జీబీ వాడినా 1 టీబీకి నెలనెలా డబ్బు కట్టాలి. మా ఆఫీసులో 1 టీబీకి తగ్గితే లెక్కలోకి రాదన్నట్టు అడిగే మనుషులే, క్లౌడ్‌కు వెళ్ళాక ‘100 జీబీతో మొదలుపెడదాం, చాలకపోతే పెంచుదాం’ అంటున్నారు. మనిషి మారలేదు, అదే మనిషి. రెండోసారి అడగడం సులువైంది, మొదటిసారి ఎక్కువ అడగడం ఖరీదైంది. ఆ రెండూ సొంత సర్వర్ రూమ్‌లోనూ చెయ్యొచ్చు. పెంచమన్న టికెట్‌ను అదే రోజు తీర్చండి, సంజాయిషీ అడక్కండి. నెలకోసారి ప్రతి టీమ్‌కూ ఎంత రాసిచ్చామో, ఎంత వాడారో పక్కపక్కన పెట్టి పంపండి. డబ్బు వసూలు చెయ్యక్కర్లేదు. పక్క టీమ్ అంకె కూడా కనిపిస్తే చాలు.

అడిగేవాళ్ళకూ ఒక విన్నపం. సర్వర్ కోసం ఫారం నింపేటప్పుడు ఎంత కావాలన్న గడి పక్కన, ఇవ్వాళ ఎంత ఉంది, నెలకు ఎంత పెరుగుతుంది అన్న రెండు ముక్కలు రాయండి. తప్పైనా ఫర్వాలేదు, మేం చూసి సరిచేసుకుంటాం. డిస్క్ పెద్దదైతే ఫార్మాట్ చేసేముందు ఒక్క ఫోన్ కొట్టండి. మీ పని అయిపోయిన మెషిన్‌ను షట్‌డౌన్ చేసి వదిలెయ్యకండి. ఆపేసిన మెషిన్ కూడా తన జాగా పట్టుకునే కూర్చుంటుంది. తీసెయ్యమని ఒక మెయిల్ పెట్టండి. ఆ మెయిల్‌లో మెషిన్ పేరు రాయండి. ‘పోయినేడు ఇచ్చిన టెస్ట్ సర్వర్’ అంటే మా దగ్గర అలాంటివి బోలెడున్నాయి.